అనంతపురం కరువు ఫొటోలు: పరాయి కెమెరా, మన కెమెరా

అనంతపురం పీఠభూమిని, దాన్ని చుట్టుకున్న పాత దత్త మండలాలను, వాటిలాంటి దక్షిణాది కరువు నేలలను నూట యాభై ఏళ్లకు పైగా ఎందరో ఫొటోలు తీస్తూ వచ్చారు. వారిలో బ్రిటిష్ సైనికాధికారులు, అమెరికా పత్రికల వాళ్లు, స్పెయిన్ కళాకారులు ఉన్నారు. బెంగాలీ కమ్యూనిస్టులు, తెలుగు పాత్రికేయులు, ఊరి స్టూడియోల వాళ్లు, ఈ మధ్య ఉపాధి హామీ మేట్లు కూడా ఉన్నారు. ఈ ఫొటోల గురించి రాసేవాళ్లు సాధారణంగా వాటిని రెండు కుప్పలు పోస్తారు. పరాయివాడు జాలిగానో వింతగానో చూశాడని ఒకటి, మనవాడు లోపలినుంచి చూశాడని ఒకటి. ఈ వ్యాసం కూడా సౌకర్యం కోసం ఆ విభజననే పట్టుకుని నడుస్తుంది. కానీ ఒక్కొక్క ఫొటోగ్రాఫర్ దగ్గర ఆగి చూస్తే, శైలిలో కనిపించే తేడాకు దేశం, సంస్కృతి చెప్పే కారణం కొంచెమే. ఫొటో ఎవరు తీయమన్నారు, చేతిలో ఏ కెమెరా ఉంది, తీసిన మనిషి మళ్లీ ఆ ఊరికి వచ్చాడా లేదా అన్నవి చెప్పేదే ఎక్కువ.

కరువు ఎందుకు ఫొటోలో పడదు

అనంతపురానికి ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూఇటూ వాన. అందులో సగానికి పైగా నైరుతిలో పడాలి. పడమటి కనుమల వెనక ఉండటంతో నైరుతి మేఘం ఇక్కడికి చేరేసరికి చిక్కిపోతుంది. తూర్పు తీరానికి దూరం కావడంతో ఈశాన్యం కూడా అంతంతమాత్రమే అందుతుంది. దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన ఈ జిల్లాదేనని పాఠ్యపుస్తకాల నుంచి శాసనసభ ప్రసంగాల దాకా చెప్పుకునే మాట. 1882లో బళ్లారి నుంచి విడిపోయి ఏర్పడిన ఈ జిల్లా 2022 ఏప్రిల్‌లో మళ్లీ రెండయింది. పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడింది.

ఈ నేల మీద ఒక దశలో ఏడెనిమిది లక్షల హెక్టార్లలో వేరుశనగ వేసేవారు. ఫొటోగ్రాఫర్ కష్టం ఈ పంట దగ్గరే మొదలవుతుంది. వేరుశనగ పూత నేల పైన, కాయ నేల కింద. పూత తర్వాత ఊడలు దిగే రోజుల్లో మట్టిలో పదును లేకపోతే ఊడ నేలలోకి దిగదు, దిగినా కాయ ఊరదు. ఆ బెట్ట ఇరవై ముప్పై రోజులు సాగి, ఆ తర్వాత ఒక వాన పడిందంటే చెట్టు మళ్లీ పచ్చగా లేస్తుంది. రోడ్డు మీద కారు ఆపిన మనిషికి పచ్చటి చేను కనిపిస్తుంది. రైతు చెట్టు పీకి చూపిస్తే వేళ్లకు రెండు కాయలో, మూడు లొట్టలో. దీన్ని పచ్చ కరువు అంటారు. ఫొటో తీయాలంటే చెట్టును పీకించాలి. పీకించిన క్షణాన అది ఉన్నదున్నట్టు తీసిన ఫొటో కాకుండా పోతుంది, చూపించడం కోసం చేసిన ఫొటో అవుతుంది.

నెర్రెలు విచ్చిన నేల సంగతీ అంతే. కరువంటే పత్రికలు వాడే బొమ్మ అదే. అనంతపురంలో ఎక్కువ భాగం ఎర్ర గరప నేల. అది ఎండితే పొడిగా రాలుతుంది, గాలికి లేస్తుంది, అంత లోతుగా నెర్రెలు విచ్చదు. నెర్రెలు కావాలంటే ఎండిన చెరువు గర్భానికో, తాడిపత్రి, ఉరవకొండ వైపు నల్లరేగడికో వెళ్లాలి. అంటే కరువు చిహ్నంగా చలామణీ అయ్యే ఫొటో చాలాసార్లు పంట పండే చోట తీసినది కానే కాదు. ఈ చిక్కు అనంతపురానికే పరిమితం కాదు. 1936లో అమెరికా ప్రభుత్వం తరఫున సౌత్ డకోటాలో కరువు ఫొటోలు తీసిన ఆర్థర్ రోత్‌స్టీన్ ఒక పశువు పుర్రెను కొన్ని అడుగులు జరిపి, బీటలు వారిన నేల మీద పెట్టి తీశారని పెద్ద రగడ జరిగింది. అప్పటి ప్రభుత్వం గిట్టని పత్రికలు కరువే అబద్ధమన్నంత దూరం వెళ్లాయి. పుర్రె జరిగిన మాట నిజం, కరువూ నిజం.

తడి పలకల కాలం

ఈ ప్రాంతానికి కెమెరా మొదట గుడుల కోసం వచ్చింది. 1856 ప్రాంతంలో మద్రాసు సైన్యానికి చెందిన అలెగ్జాండర్ గ్రీన్‌లా హంపి శిథిలాలను మైనం పట్టించిన పెద్ద కాగితపు నెగెటివ్‌ల మీద తీశారు. 1860ల చివర మద్రాసు ప్రభుత్వం పని మీద తిరిగిన కెప్టెన్ ఎడ్మండ్ లయన్ తాడిపత్రి గోపురాలను తీశారు. ఈ ఫొటోల్లో మనుషులు అరుదు. ఉన్నా, గోపురం ఎంత ఎత్తో తెలియడానికి నిలబెట్టిన కూలీలే.

మనుషులను కరువు కోసమే తీసిన తొలి ఫొటోలు 1876-78 నాటివి. తెలుగువాళ్లు ధాత కరువుగా చెప్పుకునే ఆ మహా క్షామం మద్రాసు, మైసూరు, బొంబాయి, హైదరాబాదు ప్రాంతాలను ఊడ్చేసింది. అనంతపురం తాలూకాలు అప్పుడు బళ్లారి జిల్లాలో ఉండేవి. అతి దారుణంగా దెబ్బతిన్న జిల్లాల్లో బళ్లారి ఒకటి. ఆ కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీ కరువు పీడితులను తీసినవాడు మద్రాసు అశ్విక దళానికి చెందిన విలోబీ వాలెస్ హూపర్ (1837-1912). ఎముకల గూళ్లయిన మనుషులను ఆయన వరసగా కూర్చోబెట్టి, నిలబెట్టి తీశారు. తల్లి ఒడిలో బిడ్డ, పక్కన ముసలివాళ్లు, వెనక ఏమీ లేని నేపథ్యం. ఒక ఫొటో కింద శీర్షిక, ఉచిత సహాయానికి అర్హులైనవాళ్లు అన్న అర్థం వచ్చేది. గంజికి ఎవరు అర్హులు, ఎవరు కాదు అని తూచే ఆనాటి సహాయ నిబంధనల భాష అది. ఆకలితో ఉన్నవాళ్లను పిలిపించి, ఫొటో తీసుకుని, తిండి పెట్టకుండానే పంపేశాడన్న అపవాదు హూపర్ పేరుకు అంటుకునే ఉంది. పదేళ్ల తర్వాత బర్మాలో తుపాకులతో కాల్చి చంపే మరణశిక్షలను ఫొటో తీయబోయి బ్రిటన్‌లోనే తీవ్ర విమర్శకు గురైన మనిషి కావడంతో ఆ అపవాదును నమ్మడం అందరికీ తేలికైంది.

హూపర్ ఫొటోల్లోని కదలికలేనితనాన్ని క్రౌర్యం అనేముందు పని పద్ధతి చూడాలి. అది తడి కొలోడియన్ కాలం. గాజు పలకకు రసాయనం పూసి, తడి ఆరకముందే ఫొటో తీసి, అక్కడే డేరాలో కడగాలి. మొత్తం పది పదిహేను నిమిషాల్లో అయిపోవాలి. ఎండగాలిలో తడి ఇంకా త్వరగా ఆరుతుంది. కొన్ని సెకన్ల పాటు ఎవరూ కదలకూడదు. కదిలే కరువును, అంటే వలసను, దారిపొడవునా సాగిన నడకను, గంజి దగ్గర తోపులాటను ఆ కెమెరా పట్టలేదు. కూర్చోబెట్టిన దేహాన్నే పట్టగలదు. అయితే నేపథ్యం ఖాళీగా ఉంచడం మాత్రం రసాయనం కోరింది కాదు. ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ సంపుటాల కోసం కులాలను, తెగలను నమూనాలుగా తీసిన అలవాటు హూపర్‌కు అప్పటికే ఉంది. కరువు మనిషిని కూడా ఆయన ఒక నమూనాగానే తీశారని నా అభిప్రాయం.

దీని పక్కన రాజా దీన్‌దయాళ్ (1844-1905) కరువు ఆల్బం పెట్టి చూడాలి. మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరైన దీన్‌దయాళ్ సంస్థ, పందొమ్మిదో శతాబ్దం చివర ఔరంగాబాదు ప్రాంతంలో నిజాం ప్రభుత్వం చేపట్టిన కరువు సహాయాన్ని చిత్రించింది. ఇక్కడ ముందుకొచ్చేది పనులు, సహాయపు ఏర్పాట్లు. ఆకలి ఒక పద్ధతిలో, అదుపులో ఉన్నట్టు కనిపిస్తుంది. భారతీయుడు కాబట్టి భారతీయులను గౌరవంగా తీశాడని ఒక్క ముక్కలో తేల్చేయవచ్చు. కానీ ఆల్బం ఎవరి కోసమో గుర్తు పెట్టుకోవాలి. తన రాజ్యం ప్రజలను ఆదుకుందని నిజాం చూపించాలి. ఆ పని అప్పగిస్తే హూపరైనా అటువంటి ఫొటోలే తీసి ఉండేవాడేమో.

1946: ఒకే కరువు, ఇద్దరు

ఈ అంశానికి గుండెకాయ లాంటి ఘట్టం రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన వెంటనే జరిగింది. 1945లో వానలు తప్పడంతో దక్షిణాదిన మళ్లీ తిండి గింజల కొరత ముంచుకొచ్చింది. అమెరికా ‘లైఫ్’ పత్రిక తరఫున భారత్ వచ్చిన మార్గరెట్ బర్క్-వైట్ (1904-1971), కలకత్తా నుంచి ఎదిగిన సునీల్ జానా (1918-2012) కలిసి ఆ కరువు ప్రాంతాల్లో తిరిగారు. ఒకే మనుషుల ముందు, ఒకే వెలుతురులో ఇద్దరు గొప్ప ఫొటోగ్రాఫర్లు నిలబడటం అరుదైన సంగతి. ఇద్దరి మధ్య ఏర్పడిన స్నేహం ఆ తర్వాతా నిలిచింది.

జానా అప్పటికి బెంగాల్ కరువుతో దేశమంతా పేరు తెచ్చుకున్నారు. అస్సాంలోని దిబ్రూగఢ్‌లో పుట్టి, కలకత్తాలో ఇంగ్లీషు సాహిత్యం చదువుతున్న ఆ యువకుణ్ణి 1943లో కమ్యూనిస్టు పార్టీ కార్యదర్శి పి.సి. జోషి చదువు మాన్పించి వెంట తీసుకెళ్లారు. చిత్తప్రసాద్ బొమ్మలు గీశారు, జానా ఫొటోలు తీశారు, అవి పార్టీ పత్రిక ‘పీపుల్స్ వార్’లో అచ్చయ్యాయి. చిన్నప్పటి నుంచి చూపు సరిగా లేని మనిషి. ఒక కన్నుతోనే ఇంత పని చేశారు.

బర్క్-వైట్ నేపథ్యం ఇంకోలా ఉంటుంది. ఉక్కు కర్మాగారాల ఫొటోలతో మొదలైన జీవితం ఆమెది. 1936 నవంబరులో ‘లైఫ్’ తొలి సంచిక ముఖచిత్రం ఆమె తీసిన ఫోర్ట్ పెక్ ఆనకట్ట. కరువు కూడా ఆమెకు కొత్త కాదు. 1934లో ‘ఫార్చ్యూన్’ పత్రిక కోసం అమెరికా మధ్య మైదానాల కరువును విమానం ఎక్కి తిరుగుతూ తీశారు. 1937లో రచయిత ఎర్‌స్కిన్ కాల్డ్‌వెల్‌తో కలిసి అమెరికా దక్షిణాది కౌలు రైతుల మీద పుస్తకం వేశారు. ఆ ఫొటోల కింద రైతులు అన్నట్టుగా ఉన్న మాటలు నిజానికి రచయితలిద్దరూ కల్పించి రాసినవి. ఆ సంగతి వాళ్లే పుస్తకంలో ఒప్పుకున్నారు.

ఆమె పద్ధతికి ప్రధానం ఫ్లాష్ బల్బులు, సన్నాహం, తనకు కావలసిన అమరిక వచ్చేదాకా వదలని పట్టుదల. 1946లోనే గాంధీని రాట్నం పక్కన తీసినప్పుడు, ముందు రాట్నం తిప్పడం నేర్చుకురమ్మన్నారని, మూడే బల్బులు వాడనిచ్చారని, మొదటి రెండూ వృథా అయి మూడోది దక్కిందని ఆమె స్వయంగా చెప్పుకున్నారు. గుడిసె చీకటిలో గాంధీకే అంత ఇబ్బంది అయితే, కరువు పల్లెలో ఆకలితో పడి ఉన్న మనిషి కళ్లలో ఆ వెలుగు ఎలా పడి ఉంటుందో ఊహించుకోవచ్చు. 1947లో పంజాబు శరణార్థులను సరైన ఫొటో వచ్చేదాకా మళ్లీ మళ్లీ నడిపించారని ఆమె వెంట వెళ్లిన ‘లైఫ్’ విలేఖరే తర్వాత చెప్పారు.

జానా ఎక్కువగా వాడింది రోలీఫ్లెక్స్ కెమెరా. దాన్ని కంటికి ఆనించరు, బొడ్డు దగ్గర పట్టుకుని పైనుంచి తల వంచి అద్దంలోకి చూస్తారు. అందువల్ల ఫొటో తీసే మనిషి ముఖం పెట్టె వెనక దాగదు. కెమెరా కోణం కిందనుంచి ఉంటుంది. నేల మీద కూర్చున్న మనిషి ఎదుట కూర్చుంటే అతని కంటి ఎత్తుకు వస్తుంది, నిలబడ్డ మనిషి ముందు మోకాళ్ల మీద వంగితే అతను ఆకాశం మీదకు లేచినట్టు వస్తాడు. జానా తీసిన రైతులు, జాలర్లు, ఆదివాసీ స్త్రీలు పొడుగ్గా, నిటారుగా, మేఘాల ముందు నిలబడి కనిపించడానికి కారణం సగం రాజకీయం, సగం ఈ పెట్టె.

ఇంతవరకు చెప్పింది వింటే తేడా స్పష్టంగానే ఉందనిపిస్తుంది. ఆమె దీపం పట్టుకుని వచ్చిన పరాయి, ఈయన వంగి చూసిన స్వదేశీ. కానీ ఆ కింది కోణం, ఆకాశం మీద కార్మికుడు, ఆ వీరత్వపు అమరిక ఎక్కడివి? సోవియట్ రష్యాలో 1920ల, 30ల ఫొటోగ్రఫీ నుంచి ప్రపంచమంతా పాకినవి. ఆ సోవియట్ పరిశ్రమలను 1930లో వెళ్లి తీసి, మరుసటి ఏడాదే పుస్తకం వేసిన తొలి విదేశీయుల్లో బర్క్-వైట్ ఒకరు. అంటే భారతీయ కమ్యూనిస్టుకూ అమెరికన్ పత్రికా తారకూ శైలి దాదాపు ఒకే ఇంటి నుంచి వచ్చింది. ఇద్దరి కరువు ఫొటోలను పేర్లు మూసేసి చూపిస్తే, ఏది ఎవరిదో చెప్పడం అనుకున్నంత తేలిక కాదు.

తేడా అచ్చులో వచ్చింది. ‘లైఫ్’ లక్షల ప్రతులు అమ్ముడుపోయే నున్నటి కాగితపు పత్రిక. దూరదేశంలో విషాదం, అమెరికా గింజలు పంపాలా వద్దా అన్న చర్చ, పక్క పేజీలో కార్ల ప్రకటన. పార్టీ పత్రిక ముతక కాగితం మీద అదే ముఖాన్ని వేసి, పక్కన ఏ వ్యాపారి గింజలు దాచాడో, ఏ అధికారి ఊరుకున్నాడో రాసింది. ఒకచోట కరువు వాన చేసిన పని, ఇంకోచోట మనుషులు చేసిన పని. ఈ రెండో మాటను ఫొటో తనంతట తాను చెప్పలేదు, పక్కన అక్షరం ఉండాలి. రెండేళ్లకే ఆ పార్టీ లోపలి మార్పుల్లో జోషి పదవి పోయింది, ఆయనతో పాటు జానాకూ తావు లేకుండా పోయింది. తర్వాత ఆయన ఆనకట్టలు, కర్మాగారాలు, నాట్యకత్తెలు, ఆదివాసులు తీస్తూ బతికారు. చివరికి అమెరికాలోని బర్క్‌లీలో కన్నుమూశారు.

సలోన్ల దారి

స్వాతంత్ర్యం తర్వాత తెలుగునాట ఫొటో కళ అంటే చాలాకాలం సలోన్ కళ. పోటీలకు ప్రింట్లు పంపడం, పతకాలు, పేరు చివర బిరుదు అక్షరాలు. కోరుట్లలో పుట్టిన బండి రాజన్‌బాబు (1939-2011) లంబాడీ స్త్రీల ఫొటోలు ఈ దారిలో వచ్చిన వాటిలో మేలైనవి. ముడతలు పడ్డ ముఖం మీద పక్కనుంచి వెలుతురు, సాయంత్రపు దుమ్ములో ఇంటికి మళ్లే మంద, బావి దగ్గర కుండలు. ఈ ధోరణిని మన గ్రామీణ సౌందర్యమని మెచ్చుకునేవాళ్లు, దీని నియమాలు లండన్ రాయల్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ నుంచి వచ్చాయన్న సంగతి తరచు మరచిపోతారు. కరువు ఇందులో ఎప్పుడూ విషయం కాలేదు, మంచి వెలుతురుకు కారణం మాత్రమే అయింది.

స్పెయిన్ నుంచి అనంతపురానికి

బార్సిలోనాలో పుట్టిన విసెంట్ ఫెర్రర్ (1920-2009) 1952లో జెసూట్‌గా భారత్ వచ్చి, మహారాష్ట్రలోని మన్మాడ్ ప్రాంతంలో రైతులతో పనిచేసి, 1968లో దేశం విడిచి వెళ్లాల్సివచ్చి, 1969లో తిరిగొచ్చి అనంతపురంలో స్థిరపడ్డారు. జెసూట్ సంఘాన్ని వదిలి, పాత్రికేయురాలు ఆన్ పెర్రీని పెళ్లాడి, ఆమెతో కలిసి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును పెంచారు. ఆర్డీటీ అంటే జిల్లాలో తెలియనివాళ్లు లేరు. బత్తలపల్లి, కళ్యాణదుర్గం ఆసుపత్రులు, బళ్లు, ఇళ్లు, చెక్‌డ్యాములు. వీటికి డబ్బులో పెద్ద భాగం స్పెయిన్‌లోని సామాన్య కుటుంబాలు ఒక్కో పిల్లనో పిల్లవాణ్ణో స్పాన్సర్ చేయడం ద్వారా వచ్చింది.

ఆ పద్ధతికి ఫొటో కీలకం. స్పాన్సర్‌కు బిడ్డ ఫొటో వెళ్తుంది, ఉత్తరం వెళ్తుంది. కళగా ఎవరూ లెక్కపెట్టని ఈ ఫొటోలే సంఖ్యలో, ప్రభావంలో అనంతపురం నుంచి బయటికి వెళ్లిన అతి పెద్ద చిత్రసంపద అని చెప్పడానికి నేను వెనకాడను. స్పెయిన్‌లో ఎన్నో ఇళ్ల గోడల మీద, అల్మారాల్లో మన కరువు పల్లెల పిల్లలు ఉన్నారు. ఈ ఫొటోలో బిడ్డ ఆకలితో కనిపిస్తే స్పాన్సర్ బాధపడతాడు, మరీ బొద్దుగా కనిపిస్తే డబ్బు అవసరమా అనుకుంటాడు. అందుకే ఇలాంటి ఫొటో ఎక్కడైనా ఒక మధ్యస్థ భంగిమకు అలవాటు పడుతుంది. దువ్విన తల, శుభ్రమైన బట్టలు, నేరుగా చూపు.

ఈ బంధం వల్లే స్పెయిన్‌లో అత్యంత గౌరవం పొందిన ఫొటోగ్రాఫర్ అనంతపురం వచ్చారు. 1949లో ప్యుయెర్తొల్లానోలో పుట్టిన క్రిస్టీనా గార్సియా రొదేరో మాగ్నం ఫొటో సంస్థలో చేరిన తొలి స్పెయిన్ వ్యక్తి. 1970లు, 80లలో సొంత దేశపు పల్లెల జాతరలను, ఊరేగింపులను, శోకాలను పదిహేనేళ్ల పాటు నలుపు తెలుపుల్లో తీసి ‘ఎస్పాన్యా ఒకుల్తా’ (మరుగున ఉన్న స్పెయిన్) అన్న పుస్తకంగా 1989లో వేశారు. 2010ల మధ్యలో లా కైషా ఫౌండేషన్, ఫెర్రర్ ఫౌండేషన్ పూనికతో అనంతపురంలో తీసిన ఫొటోలకు ‘కలల నేల’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. అవి స్పెయిన్ నగరాల్లో ప్రదర్శనలుగా తిరిగాయి.

‘కలల నేల’ రంగుల్లో ఉంది, ప్రధానంగా స్త్రీల గురించి. పెళ్లికూతుళ్లు, ఆసుపత్రి మంచాలు, కుట్టుపని చేసే వికలాంగ స్త్రీలు, పూలు, పసుపు, చీరల రంగులు. సొంత దేశాన్ని నలుపు తెలుపుల్లో, కఠినంగా, కొన్నిచోట్ల భయపెట్టేలా చూపిన మనిషి మన దగ్గరికి వచ్చేసరికి రంగులు పూసి మెత్తబరిచారని అభ్యంతరం చెప్పవచ్చు. దీన్ని తూర్పు దేశాలంటే పడమటికి ఉన్న పాత మోజుగా కొట్టేయడం నాకు సరిగా తోచదు. రంగు లేకుండా భారతీయ జీవితాన్ని చూపలేమని, పాశ్చాత్యుల నలుపు తెలుపుల విషాదం మనది కాదని గట్టిగా వాదించినవాడు జైపూర్ వాడైన రఘుబీర్ సింగ్ (1942-1999). ఆయన లెక్కన రొదేరో రంగులే ఇక్కడి చూపు, జానా నలుపు తెలుపులే అరువు తెచ్చుకున్నవి. ఆ ఫొటోలతో నాకున్న పేచీ వేరు. అందులో ఆసుపత్రి ఉంది, బడి ఉంది, పండగ ఉంది, బోరు లేదు. సంస్థ చేసిన మేలు కనిపిస్తుంది, ఆ మేలు ఎందుకు అవసరమైందో కనిపించదు. దాతల ముందు పెట్టే ప్రదర్శన అలాగే ఉంటుంది, దీన్‌దయాళ్ ఆల్బం నిజాం కోసం అలాగే ఉన్నట్టు.

పక్కన అక్షరం ఉన్న ఫొటో

పాలగుమ్మి సాయినాథ్ (జననం 1957, మద్రాసు) ఫొటోగ్రాఫర్‌గా కన్నా విలేఖరిగానే ఎక్కువ మందికి తెలుసు. 1993 నుంచి 2002 వరకు పది రాష్ట్రాల్లో, ఆంధ్రప్రదేశ్‌తో సహా, పల్లె స్త్రీల పనిని నలుపు తెలుపుల్లో తీసి, ‘విజిబుల్ వర్క్, ఇన్‌విజిబుల్ విమెన్’ అన్న ప్రదర్శనగా దేశమంతా తిప్పారు. గ్యాలరీల్లోనే కాకుండా ఫ్యాక్టరీ గేట్ల దగ్గర, పల్లెల్లో కూడా పెట్టారు. ఈ ఫొటోల్లో స్త్రీలు చాలామంది కెమెరాను చూడరు. నాట్లకు, కలుపుకు, ఇటుకలకు, కట్టెల మోపుకు వంగి ఉంటారు. ముఖం కోసం వెతికే చూపరికి వీపు దొరుకుతుంది. పక్కన పొడుగాటి వివరణ ఉంటుంది, ఫొటోను ఆ వివరణ నుంచి విడదీస్తే సగం పోతుంది. కళావిమర్శకులు దీన్ని లోపమంటారు. వేరుశనగ కాయలు నేల కింద ఉండే చోట ఇంతకన్నా నిజాయితీ గల పద్ధతి నాకు తెలియదు.

సాయినాథ్ 2014 చివర ప్రారంభించిన పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా, అంటే ‘పరి’, ఈ పద్ధతిని ఒక సంస్థగా మార్చింది. అనంతపురంలోనే ఉంటూ రాసే రాహుల్ ఎం. వంటి పాత్రికేయులు ఇందులో భాగమయ్యారు. వాతావరణ మార్పుల మీద ‘పరి’ వేసిన కథనాల్లో 2019లో వచ్చిన ఒకటి బొమ్మనహాళ్ మండలం దర్గా హొన్నూరు ఇసుక గురించి. హగరి, అంటే వేదవతి, ఎండిపోయి దాని ఇసుక గాలికి లేచి పొలాల మీద మేట వేస్తోంది. ఎడారి సన్నివేశాలు కావలసిన సినిమావాళ్లు షూటింగులకు అక్కడికి వస్తారు. రైతుకు ఇది పోయిన పొలం, యూనిట్‌కు చవకలో దొరికిన సహారా. ఇక్కడ రెండు కెమెరాలూ భారతీయులవే, తెలుగు తెలిసినవే. అయినా ఒకే దిబ్బ మీద ఇవి తీసిన బొమ్మల మధ్య దూరం, 1946లో జానాకూ బర్క్-వైట్‌కూ మధ్య ఉన్నదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

స్టూడియో ఫొటో, పటం

ఊరి స్టూడియో చరిత్రను ఎవరూ సరిగా రాయలేదు, అయినా దాని ప్రస్తావన లేకుండా ఈ వ్యాసం నిలవదు. రేషన్ కార్డుకు, పట్టాదారు పాస్‌పుస్తకానికి, బ్యాంకు ఖాతాకు, గల్ఫ్ వెళ్లే పాస్‌పోర్టుకు ఫొటో కావాలి. పెళ్లికి ఆల్బం కావాలి. నీళ్లు లేని తాలూకాల్లో కూడా స్టూడియో తెర మీద జలపాతాలు, కొలనులు, కొబ్బరి చెట్లు కనిపిస్తూనే ఉండేవి. మానవశాస్త్రవేత్త క్రిస్టఫర్ పిన్నీ 1997లో మధ్యప్రదేశ్‌లోని నాగ్దా స్టూడియోల మీద రాసిన పుస్తకంలో, అక్కడి జనం ఫొటోలో తాము ఉన్నట్టు కాకుండా, ఉండదలచినట్టు కనిపించాలని కోరుకుంటారని చూపారు. కరువు ఫొటోగ్రాఫర్ దానికి సరిగ్గా ఎదురు చివర నిలబడతాడు. అతనికి మనిషి అనుభవిస్తున్న బాధ కావాలి, మనిషికేమో పెళ్లినాటి పట్టుచీర.

ఈ రెండు ఫొటోలు ఒకే ఫ్రేములో కలిసిన సందర్భం ఒకటుంది. 1990ల చివరి నుంచి అనంతపురం రైతుల ఆత్మహత్యలు వార్తలయ్యాక, పత్రికల్లో ఒక భంగిమ స్థిరపడిపోయింది. గుమ్మంలో కూర్చున్న భార్య, చేతుల్లో భర్త పటం. తెలుగు, ఇంగ్లీషు, విదేశీ పత్రికలన్నీ ఇదే వేశాయి. ఆ పటం ఎక్కడిది? చాలాసార్లు పాస్‌పుస్తకం కోసమో బ్యాంకు అప్పు కోసమో స్టూడియోలో తీయించుకున్న చిన్న ఫొటోను పెద్దది చేయించి, పూలదండ వేసినది. ఏ అప్పు అతని ప్రాణం తీసిందో ఆ అప్పు కాగితానికి అంటించిన ముఖమే ఇప్పుడు గోడ మీద ఉంది. పత్రికా ఫొటోగ్రాఫర్ పటం పట్టుకొమ్మని అడగడం వెనక దురుద్దేశమేమీ లేదు. లేని మనిషిని చూపడానికి అతనికి వేరే దారి లేదు. కానీ వందసార్లు చూశాక చదువరి చూపు పటం మీద నుంచి జారిపోతుంది, ఆ స్త్రీ వచ్చే ఏడాది ఆ పొలం ఎలా సాగు చేస్తుందన్న ప్రశ్న అడగకుండానే మిగిలిపోతుంది.

సర్కారు ఫోను

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న దేశంలో మొదలైంది అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే. ఇప్పుడు ఆ పనుల హాజరు ఎన్ఎంఎంఎస్ అనే యాప్‌లో పడుతుంది. పని చూసుకునే మేట్ రోజుకు రెండుసార్లు, పొద్దున ఒకటి, తర్వాత ఒకటి, కూలీల ఫొటో తీసి స్థల వివరంతో పంపాలి. 2023 జనవరి నుంచి ఇది తప్పనిసరి. రెండో ఫొటో కోసం పని త్వరగా ముగించుకున్నవాళ్లు కూడా ఎండలో కాచుకోవాల్సి వస్తుంది. సిగ్నల్ లేని గుట్టల మధ్య ఫొటో ఎక్కకపోతే కూలి పోతుంది. సంబంధం లేని ఫొటోలు, ఫొటోను మళ్లీ ఫొటో తీసి పంపడాలు జరుగుతున్నాయని కేంద్ర మంత్రిత్వ శాఖే రాష్ట్రాలకు రాసింది. పంట నమోదుకు కూడా రైతును పొలంలో నిలబెట్టి తీసే ఫొటో ఈ-క్రాప్‌లో భాగమైంది.

సంఖ్యలో చూస్తే కరువు నేల మీద ఇంత పెద్ద ఫొటోల రాశి ఇదివరకు ఎన్నడూ పోగుపడలేదు. తీసేవాళ్లు ఆ ఊరివాళ్లే, తీయించుకునేవాళ్లకు చుట్టాలో ఇరుగుపొరుగో. ఆ లెక్కన ఇంతకన్నా లోపలి చూపు ఉండదు. అయినా బొమ్మలో వరసగా నిలబడ్డ మనుషులు, లెక్కకు సరిపోయే తలలు, అర్హత తేల్చే పని. ఇప్పుడు తడి పలక ఆరిపోతుందన్న భయం లేదు, బ్యాటరీ అయిపోతుందన్న భయం ఉంది.

వీటిని చూడదలచినవారికి దారులు వేరువేరు. హూపర్ కరువు ఫొటోలు లండన్ సేకరణల్లో ఉన్నాయి. బర్క్-వైట్ కాగితాలు న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్ విశ్వవిద్యాలయంలో, రొదేరో పేరిట మ్యూజియం ఆమె పుట్టిన ప్యుయెర్తొల్లానోలో ఉన్నాయి. ‘పరి’ కథనాలు తెలుగులో కూడా ఉచితంగా దొరుకుతాయి, ఫొటో కింద మనిషి పేరు, ఊరి పేరు రాసి ఉంటాయి. మేట్లు పంపిన ఫొటోలు ప్రభుత్వ సర్వర్లలో ఉన్నాయి.